మన జిల్లా సెలవులు తెలిసిన క్యాలెండరు: కడపలో అచ్చయిన 2025 గోడ క్యాలెండరుపై సమీక్ష

కడప వై.వి. వీధిలోని ఒక పుస్తకాల దుకాణం ఏటా తన పేరుతో పన్నెండు పుటల గోడ క్యాలెండరు అచ్చు వేయించి అమ్ముతుంది. 2025 సంవత్సరపు క్యాలెండర్లు రెండు కొని, ఒకటి మా ఇంటి వంటగది తలుపు పక్కన, ఇంకొకటి నేను పనిచేసే ప్రభుత్వ ఉన్నత పాఠశాల కార్యాలయంలో తగిలించి ఏడాది పొడవునా వాడాము. పరీక్షల తేదీలు, తల్లిదండ్రుల సమావేశాలు, బిల్లుల పనులు అన్నీ సెలవులను చూసుకునే నిర్ణయించవలసిన ఉద్యోగం కాబట్టి, ఒక అంకె ఎర్రగా ఉందా నల్లగా ఉందా అన్నది నాకు చిన్న విషయం కాదు. మన జిల్లాలో ఉండేవారు నమ్మి కొనదగిన క్యాలెండరు ఇదని మొదటే చెప్పగలను. లోపాలు లేకపోలేదు, వాటిని కూడా చెబుతాను.

క్యాలెండర్లన్నీ ఒకటే కదా అనే మాట తరచు వినిపిస్తుంది. సెలవుల విషయంలో అది నిజం కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తర్వాతి సంవత్సరపు సాధారణ సెలవుల జాబితాను సాధారణ పరిపాలన శాఖ జీవో ద్వారా సాధారణంగా డిసెంబరులో ప్రకటిస్తుంది. శివకాశి నుంచి వచ్చే క్యాలెండర్లకు ఆర్డర్లు మాత్రం దసరా, దీపావళి రోజుల్లోనే వెళ్లిపోతాయి. కనుక బంగారు అంగళ్లు, మందుల షాపులు, సిమెంటు డీలర్లు ఉచితంగా పంచే చాలా క్యాలెండర్లలోని ఎర్ర అంకెలు జీవోను చూసి వేసినవి కావు. పంచాంగాన్ని, పాత సంవత్సరపు జాబితాను పక్కన పెట్టుకుని ఊహించి వేసినవి. అవి చాలావరకు సరిపోతాయి, కానీ సరిపోని ఒకటి రెండు తేదీల దగ్గరే మనకు పని పడుతుంది.

ఈ దుకాణం వారు జీవో వచ్చేదాకా ఆగి, డిసెంబరు చివరి వారంలో గానీ క్యాలెండరును బయటపెట్టరు. అప్పటికి ఊరందరికీ ఉచిత క్యాలెండర్లు చేరిపోయి ఉంటాయి కాబట్టి వ్యాపారం దెబ్బతినదా అని యజమానిని అడిగితే, ఆయన చెప్పిన సమాధానం నాకు నచ్చింది. "ముందుగా అచ్చేస్తే ముందుగా అమ్ముడుపోతాయి మేడమ్, కాదనను. మార్చి నెలలో మనిషొచ్చి, దీంట్లో సెలవని ఉంది, ఆఫీసేమో తెరిచినారు అని అడిగితే నేనేం చెప్పల్ల?" సెలవుల క్యాలెండరు అమ్మేవారందరూ ఇలా ఆలోచిస్తే మన పనులు ఎంతో సులువవుతాయి.

హైదరాబాదులో తయారై మన అంగళ్లకు చేరే క్యాలెండర్లతో వచ్చే చిక్కు ఇంకో రకం. రాష్ట్రాలు వేరయ్యాక సెలవులూ వేరయ్యాయి. జనవరి 1 తెలంగాణలో సాధారణ సెలవు. మనకు అది ఐచ్ఛిక సెలవుల్లో ఒకటి మాత్రమే. రంజాన్ మరుసటి రోజైన ఏప్రిల్ 1, బోనాల సెలవు జూలై 21 అక్కడి జాబితాలో ఉన్నాయి, మన జాబితాలో లేవు. మనకు సాధారణ సెలవైన వరలక్ష్మీ వ్రతం అక్కడ ఐచ్ఛికం. మా పాఠశాల సిబ్బంది గదిలో అలాంటి క్యాలెండరు ఒకటి ఉంది. దానిలో జూలై 21 సోమవారం ఎర్రగా ఉండటం చూసి పిల్లలు ఆ సోమవారం సెలవు కదా అని అడిగారు. వంటగది పక్కన తగిలించిన ఈ కడప క్యాలెండరులో ఆ రోజు నల్లగానే ఉంది, ఆగస్టు 8 శుక్రవారం ఎర్రగా ఉంది.

2025లో ప్రభుత్వం ప్రకటించిన సాధారణ సెలవులు 23. వాటిలో నాలుగు ఆదివారం పడ్డాయి: జనవరి 26 గణతంత్ర దినోత్సవం, మార్చి 30 ఉగాది, ఏప్రిల్ 6 శ్రీరామనవమి, జూలై 6 మొహర్రం. ఆదివారం పడిన సెలవుకు బదులు మరో రోజు ఇచ్చే పద్ధతి మనకు లేదు. మామూలు క్యాలెండర్లలో ఆదివారపు అంకె ఎలాగూ ఎర్రగానే ఉంటుంది కాబట్టి, ఆ రోజు పండుగ సెలవు కూడా ఉందన్న సంగతి కంటికి ఆనదు. ఈ క్యాలెండరులో మాత్రం ప్రభుత్వ సెలవు ఏ వారం పడినా అంకె చుట్టూ ఒక గుండ్రటి గీత గీశారు. వట్టి ఎరుపు అయితే ఆదివారం. ఎరుపు, దాని చుట్టూ గీత ఉంటే ప్రభుత్వ సెలవు. అంకె కింద చిన్న 'ఐ' ఉంటే ఐచ్ఛిక సెలవు, 'బ్యాం' ఉంటే బ్యాంకులు తెరవని రోజు. ప్రతి పుట అడుగున ఈ గుర్తుల వివరణ ఉంటుంది. దీనిని అలంకారం కోసం కాక, ఏ రోజు ఎవరి లెక్క ప్రకారం సెలవో మనకు తెలియాలన్న ఆలోచనతో చేశారు. ఈ క్యాలెండరులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది అదే.

ఒక రోజును సెలవుగా చేసే అధికారాలు చాలా ఉన్నాయన్న సంగతి మనలో చాలామందికి పనిమీద వెళ్లి తిరిగి వచ్చినప్పుడు గాని గుర్తుకు రాదు. రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయాలకు జీవో ఆధారం. బ్యాంకులకు 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని 25వ సెక్షన్ కింద వేరే ప్రకటన ఉంటుంది. దానికి తోడు 2015 సెప్టెంబరు 1 నుంచి రెండో, నాలుగో శనివారాలు వారికి సెలవులు. తపాలా కార్యాలయం కేంద్ర ప్రభుత్వ జాబితాను అనుసరిస్తుంది. పాఠశాలలకు విద్యాశాఖ వారి క్యాలెండరు మరొకటి. ఐచ్ఛిక సెలవులు ఇంకో తీరు: జాబితాలో ఎన్ని ఉన్నా రాష్ట్ర ఉద్యోగి ఏడాదికి ఐదింటికి మించి వాడుకోవడానికి వీలులేదు, అదీ ముందుగా అనుమతి తీసుకుని. బుద్ధపూర్ణిమ, మహాలయ అమావాస్య, కార్తీక పౌర్ణమి, క్రిస్మస్ ముందురోజు వంటివి ఆ కోవలోకి వస్తాయి. కార్తీక పౌర్ణమి ఎర్రగా అచ్చయిన క్యాలెండరును నమ్మి పొలతల శివాలయానికి బయలుదేరేవారు ఇంట్లోని వారందరికీ ఆ రోజు సెలవేననుకుంటారు. ఈ క్యాలెండరులో నవంబరు 5 కింద 'ఐ' అని మాత్రమే ఉంది.

మార్చి, ఏప్రిల్ పుటలు రెండూ దగ్గర పెట్టుకుని చూస్తే ఈ క్యాలెండరు చేసినవారి శ్రద్ధ అర్థమవుతుంది. మార్చి 30 ఆదివారం విశ్వావసు నామ సంవత్సర ఉగాది, 31 సోమవారం రంజాన్, ఏప్రిల్ 1 మంగళవారం బ్యాంకుల వార్షిక ఖాతాల ముగింపు. వరుసగా మూడు రోజులు సామాన్య ఖాతాదారుకు బ్యాంకు పని జరగదని మార్చి పుట అడుగునే ఒక వాక్యంలో రాశారు. అంతకుముందు వచ్చిన మార్చి 29 అయిదో శనివారం కాబట్టి ఆ రోజు బ్యాంకులు పనిచేస్తాయని కూడా గుర్తు చేశారు. ఆ ఏడాది మార్చి 31న ప్రభుత్వ లావాదేవీలు చూసే ఏజెన్సీ బ్యాంకుల శాఖలను తెరిచి ఉంచాలని రిజర్వు బ్యాంకు ఆ తర్వాత ఆదేశించింది. డిసెంబరులో అచ్చయిన క్యాలెండరులో అది ఉండే అవకాశం లేదు, కాబట్టి దానిని లోపంగా ఎంచలేము.

ఉగాది, రంజాన్ పక్కపక్కన రావడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దానిని పాఠకుడు తనంత తాను గ్రహించేలా ఈ క్యాలెండరు అమరింది. ప్రతి గడిలో ఎడమవైపు తిథి, నక్షత్రం ఉంటే, కుడి మూలలో ముస్లింల చాంద్రమాన లెక్కైన హిజ్రీ తేదీ ఉంటుంది. పుటను పై నుంచి కిందికి చూస్తూ పోతే ఈ రెండు లెక్కలూ ఒకే చంద్రుడిని పట్టుకుని నడుస్తున్నాయని తెలిసిపోతుంది. అమావాస్య దాటగానే వచ్చే పాడ్యమి మనకు మాసారంభం. ఆ తర్వాత నెలవంక కంటికి కనపడిన సాయంత్రంతో హిజ్రీ నెల మొదలవుతుంది. 2025లో చైత్ర శుద్ధ పాడ్యమి నాటి సాయంత్రమే రంజాన్ తర్వాతి నెలైన షవ్వాల్ నెలవంక కనపడింది. ఉగాది నాడు ఉదయం దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడికి మన ఊరి ముస్లిం కుటుంబాలు టెంకాయలతో రావడం ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని వారి నమ్మకం. ఆ సంవత్సరం వారు 29వ రోజు ఉపవాసంలో ఉండి స్వామి దర్శనానికి వచ్చారు. ఆ సాయంత్రమే నెల కనపడి మరునాడు పండుగ చేసుకున్నారు. కడపలో వేలాడే క్యాలెండరుకు ఈ రెండు లెక్కలూ ఒకే గడిలో ఉండటం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

జూలై పుట ఇంకా బాగుంది. జూలై 6 ఆదివారం గడిలో ఒకవైపు తొలి ఏకాదశి, మరోవైపు మొహర్రం 10 ఉన్నాయి. హిజ్రీ నెలలో పదో రోజు అంటే మన లెక్కలో శుద్ధ దశమి, ఏకాదశి ప్రాంతమే కాబట్టి, ఆషాఢమూ మొహర్రమూ కలిసి నడిచిన ఏడాది ఈ రెండూ కలిశాయి. అదే లెక్కన బక్రీదు జూన్ 7న, మిలాదున్నబీ సెప్టెంబరు 5న ఏ తిథుల దగ్గర పడ్డాయో చూసుకుంటే పిల్లలకు చాంద్రమానం పాఠంగా చెప్పవచ్చు. నేను ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ పుటనే చూపించి చెప్పాను. హిజ్రీ సంవత్సరం దాదాపు 354 రోజులు కాబట్టి ఆ పండుగలు ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతాయి. మన పంచాంగం మాత్రం రెండున్నర, మూడేళ్లకు ఒకసారి అధిక మాసం వేసి రుతువులను పట్టుకుంటుంది. ఆ సంగతి చెబితే పిల్లలు అంకెలు వేసి చూసుకుని ఒప్పుకున్నారు.

అయితే ఈ పుటలోనే నాకు కనపడిన ఒక లోటు కూడా ఉంది. రాయలసీమలో మొహర్రం అంటే ఒక్క పదో రోజు కాదు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్లాయిస్వామి పీర్ల పండుగకు మన జిల్లా నుంచి కులమతాలతో పనిలేకుండా జనం వెళతారు. వారికి కావలసినవి చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు అనే ఉత్సవాలు, అగ్నిగుండం జరిగే రాత్రులు. ప్రభుత్వ సెలవు ఒక్క రోజే అయినా, బస్సులు నిండేది, పిల్లలు బడికి రాకపోయేది ఆ రోజుల్లోనే. ఇంత స్థానికంగా ఆలోచించినవారు దానిని వదిలేయడం నాకు వెలితిగా తోచింది. అలాగే మన పెద్ద దర్గా ఉరుసు గురించి నవంబరు పుటలో ఒక్క పేరు వేసి ఊరుకున్నారు. ఏ రోజున గంధం, ఏ రోజున ఉరుసు అన్నది రాయలేదు. చంద్రదర్శనాన్ని బట్టి మారవచ్చన్న షరతుతో అయినా ఆ తేదీలు వేసి ఉండవలసింది.

ఒంటిమిట్ట విషయంలో మాత్రం వారు సరిగ్గా చేశారు. శ్రీరామనవమి ఏప్రిల్ 6 అయినా, ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం నవమి నాటి పగలు కాక, పౌర్ణమి వెన్నెల ఉండే రాత్రివేళ జరుగుతుంది. 2025లో అది ఏప్రిల్ 11 శుక్రవారం జరిగింది. ఆ తేదీ సెలవు కాదు, కానీ ఆ రాత్రికి జిల్లా అంతా అక్కడే ఉంటుంది. ఈ క్యాలెండరులో దానిని ఎర్రగా వేయకుండా నీలి రంగులో చిన్న అక్షరాలతో రాశారు. మరునాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం, 14 సోమవారం అంబేడ్కర్ జయంతి. రాత్రి కల్యాణం చూసుకుని తీరిగ్గా ఇంటికి రావచ్చని మా బంధువులు ఏప్రిల్ మొదట్లోనే ఈ పుట చూసి నిర్ణయించుకున్నారు.

ఆగస్టు పుట గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 8 శుక్రవారం వరలక్ష్మీ వ్రతం, 9 రెండో శనివారం, 10 ఆదివారం. మళ్లీ 15 శుక్రవారం స్వాతంత్ర్య దినోత్సవం, 16 శనివారం కృష్ణాష్టమి, 17 ఆదివారం. వరుసగా రెండు వారాంతాలు మూడేసి రోజుల సెలవులు. శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారమే వరలక్ష్మీ వ్రతం అని, పౌర్ణమి 9న వచ్చినందువల్ల వ్రతం 8న పడిందని అడుగున రాసిన మాట చిన్నదే అయినా, మా అత్తగారి వంటివారికి ఎవరినీ అడగవలసిన పని లేకుండా చేసింది. సెప్టెంబరు 5 మాత్రం ఉపాధ్యాయులకు గుర్తుండిపోతుంది. ఉపాధ్యాయ దినోత్సవం నాడే మిలాదున్నబీ సెలవు వచ్చింది. కార్యక్రమం ముందురోజు పెట్టుకోవలసి వస్తుందని మేము జూన్ 12న బడి తెరిచిన వారంలోనే ప్రణాళికలో రాసుకున్నాం.

ఇక్కడే క్యాలెండరులోని అసలు పొరపాటు ఒకటి చెప్పాలి. రంజాన్, బక్రీదు, మొహర్రం తేదీల పక్కన నెలవంక గుర్తు వేసి, చంద్రదర్శనాన్ని బట్టి తేదీ మారవచ్చని అడుగున రాశారు. మిలాదున్నబీ దగ్గర మాత్రం ఆ గుర్తు లేదు. అదీ అదే లెక్క మీద ఆధారపడిన పండుగే. 2025లో తేదీ మారలేదు కాబట్టి ఎవరికీ నష్టం కలగలేదు, కానీ మారి ఉంటే క్యాలెండరును నమ్మినవారి పని చెడేది. ఈ సంగతి దుకాణంలో చెప్పాను. యజమాని వెంటనే ఒక కాగితం తీసి రాసుకున్నారు.

అక్టోబరు పుట అచ్చు పరంగా బలహీనమైనది. అక్టోబరు 2 గురువారం గాంధీ జయంతి, విజయదశమి ఒకేరోజు వచ్చాయి. రెండు సెలవులు ఒకటైపోయిన బాధ ఉద్యోగులది, ఆ రెండింటినీ ఒకే గడిలో ఇమడ్చలేక పోయిన ఇబ్బంది ముద్రాపకుడిది. గాంధీ జయంతి అన్న అక్షరాలు గడి అంచును దాటి పక్క గడిలోకి వెళ్లాయి. దశమి తిథి ముగిసే సమయం అద్దాలు పెట్టుకున్నా చదవలేనంత చిన్నగా ఉంది. సెప్టెంబరు 30న దుర్గాష్టమికి సెలవు, మధ్యలో అక్టోబరు 1న నవమి సాధారణ సెలవుల జాబితాలో లేదు అన్న సంగతిని మాత్రం స్పష్టంగా చూపారు. ఆ సంవత్సరం శరన్నవరాత్రుల్లో ఒక తిథి పెరిగి, సెప్టెంబరు 22న మొదలైన ఉత్సవాలకు విజయదశమి పదకొండో రోజైంది. రెండో మైసూరు అని పేరుపడిన ప్రొద్దుటూరు దసరాకు వెళ్లేవారు ఏ రోజు వెళ్లాలో లెక్క వేసుకోవడానికి ఆ వివరం అవసరం, అది ఇందులో ఉంది. బడులకు దసరా సెలవులు మొదట 24 నుంచి అని ఉండి, తర్వాత ప్రభుత్వం 22 నుంచే ఇచ్చింది. ఇటువంటి మార్పును ఏ అచ్చు క్యాలెండరూ ముందుగా చెప్పలేదు. అందుకే ప్రతి పుట కుడివైపున వదిలిన ఖాళీ గళ్లు నాకు ఎంతో ఉపయోగపడ్డాయి. కాగితం కొంచెం మందంగా ఉన్నందువల్ల పెన్నుతో రాసినా సిరా వెనక్కి దిగదు. ఇంట్లో గ్యాస్ బండ మార్చిన తేదీ, పాల లెక్క, బడిలో సెలవుల మార్పులు అన్నీ అక్కడే రాశాము.

దీపావళి దగ్గర ఈ క్యాలెండరు చేసిన సహాయం మరువలేనిది. అమావాస్య అక్టోబరు 20 మధ్యాహ్నం మూడున్నర దాటాక వచ్చి, 21 సాయంత్రం ఆరు లోపే ముగిసింది. పండుగ 20నా 21నా అని ఊరంతా వాదించుకున్న వారం అది. 2024లోనూ ఇదే చిక్కు వచ్చి అక్టోబరు 31న చేసుకున్నాం. ఈ క్యాలెండరులో 20 సోమవారం గీత చుట్టి సెలవుగా చూపి, పక్కన రెండు వాక్యాలు రాశారు: ప్రదోష వేళ, అంటే సూర్యాస్తమయం తర్వాతి దీపాల వేళ, అమావాస్య పూర్తిగా ఉండేది 20వ తేదీనే కనుక లక్ష్మీపూజ ఆ రాత్రే, 21న సాయంత్రానికి తిథి అయిపోతుంది. ప్రభుత్వ సెలవు ఎందుకు ఆ రోజో, పూజ ఎందుకు ఆ రోజో ఒకచోట తెలియడం వల్ల మా వీధిలో చాలామంది సందేహం తీరింది. పిల్లలను ఊరి నుంచి పిలిపించుకునేవారికి, టపాకాయల అంగడి పెట్టుకునేవారికి అది మామూలు సమాచారం కాదు.

కొన్ని చిన్న విషయాలు త్వరగా చెప్పి వదిలేస్తాను. పైనున్న రేకు పట్టీ గట్టిదే కానీ, తగిలించే దారం వర్షాకాలానికే పీకిపోయింది. సన్నని తీగ కట్టుకున్నాం. పుట అడుగున దుకాణం ప్రకటన అవసరమైనదాని కంటే పెద్దది. రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తం సరిగ్గానే ఉన్నాయని పంచాంగం తెలిసిన పెద్దలు చెప్పారు. పౌర్ణమికి, అమావాస్యకు వేసిన గుర్తులు దూరం నుంచి చూస్తే ఒకేలా ఉన్నాయి. నల్ల బిందువును పూర్తిగా నింపితే సరిపోయేది. డిసెంబరు పుట వెనుక 2026 జనవరి ఇవ్వకపోవడం మాత్రం సరికాదు. సంక్రాంతికి బెంగళూరు, హైదరాబాదుల నుంచి వచ్చే పిల్లల రైలు టిక్కెట్లు నవంబరులోనే చూసుకోవాలి. 2025లో 13, 14, 15 తేదీల్లో వచ్చిన భోగి, సంక్రాంతి, కనుమ 2026లో 14, 15, 16 తేదీలకు జరిగాయని తెలియక, పాత తేదీలకు టిక్కెట్లు తీసుకున్నవారు మా బంధువుల్లోనే ఉన్నారు. సంక్రాంతి సూర్యగమనాన్ని బట్టి వచ్చే పండుగే అయినా ఒక రోజు అటూ ఇటూ కావడం ఉంది.

2026 క్యాలెండరు ఇప్పుడు దుకాణానికి వచ్చింది, తిరగేసి చూశాను. మిలాదున్నబీ పక్కన నెలవంక గుర్తు వేశారు. ఒంటిమిట్ట నీలి అక్షరాలు అలాగే ఉన్నాయి. గూగూడు ఈసారీ లేదు. శివరాత్రి ఫిబ్రవరి 15, జగ్జీవన్‌రామ్ జయంతి ఏప్రిల్ 5, దీపావళి నవంబరు 8 మూడూ ఆదివారాలే కాబట్టి ఉద్యోగులకు నిరాశే. గీత చుట్టిన ఎర్ర అంకెలు చూడగానే అది తెలుస్తుంది. మార్చి పుటలో ఉగాది 19 గురువారం గడి చాలా శ్రద్ధగా రాశారు. ఆ రోజు పాడ్యమి సూర్యోదయం తర్వాత మొదలై, మరునాటి సూర్యోదయం రాకముందే వెళ్లిపోతుంది. ఏ సూర్యోదయానికీ అందని పాడ్యమి కావడం వల్ల పండుగ 19నే ఎందుకు చేసుకోవాలో కింద వివరించారు. రంజాన్ ఈసారి కూడా ఉగాదిని ఆనుకునే, నెలవంకను బట్టి వస్తుంది.

మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఆ గళ్లన్నిటి వెనుక లేత పసుపు రంగు వేశారు, ఆ మాసంలో పెళ్లి ముహూర్తాలు ఉండవని వేరే చెప్పకుండానే తెలిసేలా. ఆ ఒక్క నెల వల్ల ఏం జరిగిందో మిగతా పుటల్లో కనపడుతుంది: ఆగస్టు 27న వచ్చిన వినాయక చవితి సెప్టెంబరు 14కు, అక్టోబరు 20న వచ్చిన దీపావళి నవంబరు 8కి ముందుకు వెళ్లాయి, మొహర్రం మాత్రం జూన్ నెలాఖరుకు వెనక్కి వచ్చి, జూలై 25న వచ్చే తొలి ఏకాదశికి దూరమైంది. వినాయక చవితి సోమవారం పడటం వల్ల ముందు వచ్చే రెండో శనివారం, ఆదివారాలతో కలిపి మూడు రోజులవుతాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు చూపవలసిన మాకు ఇలాంటి వారాలను ముందే గుర్తు పెట్టుకోవడం తప్పదు.

క్యాలెండరు వై.వి. వీధిలోనే దొరుకుతుంది, 'కడప సెలవుల క్యాలెండరు' అని అడిగితే ఇస్తారు. ఉచితంగా వచ్చినవి ఇంట్లో ఎన్ని ఉన్నా, ప్రభుత్వ కార్యాలయంతోనో బ్యాంకుతోనో బడితోనో పని ఉండేవారు దీనిని విడిగా కొనుక్కోవడం మేలు. ముసలివారు ఉన్న ఇంటికైతే పెద్ద సైజుది తీసుకోవాలి, చిన్నదానిలో తిథుల సమయాలు చదవలేరు. పెద్ద సైజువి తక్కువగా అచ్చు వేస్తారు, జనవరి మొదటి వారం దాటితే దొరకడం కష్టం.